స్వాలోఫీల్డు సౌధము: ఒక యింటి జమాఖర్చులు

ఇంగ్లండు దేశపు పత్రికలలో ఇండ్ల అమ్మకపు ప్రకటనలను తిరుగవేసినచో ఒక విశేషము కంటబడును. పట్టణములకు దూరముగ, పచ్చిక బయళ్ళ నడుమ, రెండు మూడు శతాబ్దములకు పూర్వము ప్రభువులు కట్టించుకొనిన మహాసౌధములు నేడు వాటాలుగ విభజింపబడి అమ్మకమునకు వచ్చుచున్నవి. ఎత్తైన కప్పులు, పాలరాతి పొయ్యిగూళ్ళు, నిలువెత్తు కిటికీలు, వాని కెదురుగ వయోవృద్ధములైన వృక్షములు: ఇట్టి చోట విలాసవంతమైన ఫ్లాటు కలదని ప్రకటన చెప్పును. కొనువానికి తలుపు లోపలి గదులు సొంతము. మెట్లు, తోట, బాట ఇరుగుపొరుగు వాటాదారులతో ఉమ్మడి. పైకప్పు మరమ్మతునకు, తోటమాలి జీతమునకు అందరును ఏటేట చందా చెల్లింపవలెను. ఒక్క ప్రభువు అనుభవించిన వైభవమును పలు కుటుంబములు పంచుకొనుటయే ఈ యేర్పాటులోని ఆకర్షణ.

ఈ ప్రకటనలలో తప్పక కానవచ్చు మాట ఒకటి కలదు. అది "చారిత్రక" అను విశేషణము. ఇటుకకు, సున్నమునకు, కలపకు వెల కట్టినట్లే చరిత్రకును వెల కట్టబడుచున్నది. అట్లయిన, వెల పలుకుచున్న ఆ చరిత్ర యెట్టిది? దానిలో ఎవరి పేరులు చేరినవి, ఎవరివి చేరలేదు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు బెర్క్‌షైరు మండలములోని స్వాలోఫీల్డు సౌధమును మించిన తార్కాణము తెలుగువారికి దొరకదు. ఏలయన, ఆ యింటి సింహద్వారము గుండ తెలుగుదేశపు ధనము ఒకమారు గాదు, రెండు మారులు లోనికి నడచినది.

రెడింగు పట్టణమునకు దక్షిణముగ కొలది మైళ్ళ దూరమున, లాడన్ నదీ ప్రాంతమున స్వాలోఫీల్డు గ్రామము కలదు. 17వ శతాబ్దిలో అచ్చటి ఎస్టేటు బ్యాక్‌హౌస్ వంశీయులది. వారిలో విలియం బ్యాక్‌హౌస్ రసవాద విద్యయందు పేరు మోసినవాడు. హీనలోహములను బంగారముగ మార్చు రహస్యమును అన్వేషించుచు జీవితము గడపి, ఆతడు 1662లో మరణించెను. ఆతని కుమార్తె పేరు ఫ్లవర్, అనగా పువ్వు. ఆమెను వివాహమాడి రెండవ క్లారెండన్ ప్రభువైన హెన్రీ హైడ్ ఈ ఎస్టేటునకు అధిపతి అయ్యెను. 1685లో ఇచ్చటికి వచ్చిన జాన్ ఎవెలిన్ తన దినచర్యలో ఈ తోటలను, పూలమొక్కల పెంపకమున ఆ యింటి యిల్లాలికి గల నేర్పును మెచ్చుకొనెను. పేరునకు తగిన యిల్లాలనవలెను. 1689 ప్రాంతమున క్లారెండన్ ప్రభువు పాత యింటి స్థానమున కొత్త సౌధమును నిర్మింపజేసెను. దానికి రూపకల్పన చేసిన విలియం టాల్మన్, చాట్స్‌వర్త్ సౌధపు దక్షిణ ముఖమును తీర్చిన శిల్పియే.

రసవాది వెదకిన విద్య ఆతనికి అబ్బలేదు గాని, ఆ నేలకు పిమ్మట యజమానిగ వచ్చిన వాడొకడు రాతిని నిజముగనే బంగారముగ మార్చినవాడు. ఆతడే థామస్ పిట్.

పిట్ 1653లో జన్మించెను. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండ తూర్పుదేశములతో వర్తకము సాగించి, తొలుత ఆతడు కంపెనీకి కంటిలో నలుసయ్యెను. అదుపు చేయజాలని వానిని ఉద్యోగిగ చేసికొనుటయే మేలని కంపెనీ యెంచినది కాబోలు, 1698లో ఆతనినే చెన్నపట్టణమున సెయింట్ జార్జి కోటకు గవర్నరుగ నియమించినది. 1709 వరకు ఆతడు ఆ పదవియందుండెను. ఆ కాలమున కంపెనీ ఉద్యోగులు జీతము కొరకు గాక, సొంత వ్యాపారము కొరకు సముద్రము దాటి వచ్చెడివారు. ఆ వ్యాపారములో వజ్రములది అగ్రస్థానము.

గోలకొండ వజ్రములని లోకము పిలిచినవి గోలకొండలో పుట్టినవి కావు. గోలకొండ అంగడి మాత్రమే. గనులు కృష్ణా తీరమునను, రాయలసీమలోను ఉండెను. కృష్ణ కుడిగట్టున కొల్లూరు, ఎడమగట్టు దెస పరిటాల వానిలో ప్రసిద్ధమైనవి. 17వ శతాబ్ది మధ్యకాలమున ఈ గనులను చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, కొల్లూరులో స్త్రీలు, పిల్లలతో గూడ 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. మగవారు నేల త్రవ్వెడివారు; ఆడువారును పిల్లలును ఆ మట్టిని మోసికొనిపోయి పొట్టిగోడల ఆవరణములో పోసెడివారు. దానిని నీటితో కడిగి, ఎండబెట్టి, చెరిగి, చేతులతో రాతిని వెదకెడివారు. ఇంత జేసినను, పనియందు ఆరితేరిన వానికి సైతము ఏడాదికి 3 వరహాలు మాత్రమే ముట్టుచుండెనని రావులకొండ గనిని గూర్చి చెప్పుచు ఆతడు వ్రాసెను. రాయి దాచుకొందురను భయముచే వర్తకులు వారిపై కావలివాండ్రను నిలిపెడివారు.

ఇట్టి గనులలో ఒకదానినుండి, 17వ శతాబ్ది అంతమగు వేళ, సుమారు 410 క్యారెట్ల తూకము గల రాయి బయటపడినది. అది కొల్లూరుదని కొందరును, పరిటాలదని కొందరును చెప్పుదురు. దానిని త్రవ్వి తీసిన వాని పేరు ఏ కాగితమునకును ఎక్కలేదు. కాగితమున కెక్కిన తొలి పేరు జామ్‌చంద్ అను వజ్రవర్తకునిది. ఆతడు దానిని చెన్నపట్టణమునకు తెచ్చి గవర్నరునకు చూపెను. తొలుత చెప్పిన వెల 2,00,000 వరహాలని పిట్ పిమ్మట వ్రాసెను. బేరము పలుమారులు తెగి, పలుమారులు అతికి, తుదకు 48,000 వరహాలకు కుదిరినది. ఇంగ్లీషు నాణెములలో అది 20,400 పౌనులు. పిట్ తన కుమారుడు రాబర్టు చేత 1702లో ఆ రాతిని లండనునకు పంపెను. అచ్చట సానపట్టుటకు రెండేండ్లు పట్టినది; 5,000 పౌనులు వ్యయమైనది. మిగిలిన మణి నేటి లెక్కలో 140.64 క్యారెట్లు. కొనుగోలుదారు దొరకుటకు మరి కొన్ని ఏండ్లు పట్టినది. చివరకు 1717లో ఫ్రాన్సు దేశమునకు రాజప్రతినిధిగ నుండిన ఓర్లియన్సు ప్రభువు దానిని 1,35,000 పౌనులకు కొనెను. నాటినుండి దానికి "రీజెంటు" వజ్రమని పేరు.

ఇచ్చట చిన్న లెక్క వేయుట అప్రస్తుతము కాదు. టావెర్నియే చెప్పిన కూలి అర్ధశతాబ్దికి పూర్వపుది. అది వేరొక గనిది. అయినను దానినే కొలతగ గైకొన్నచో, పిట్ చెల్లించిన 48,000 వరహాలు ఒక పనివాని 16,000 సంవత్సరముల కూలి. పిట్ ఆ రాతిని దొంగిలింపలేదు. అంగడిలో బేరమాడి కొనెను. అన్యాయము బేరములో కంటె, బేరమునకు ముందే, గోతిలోనే జరిగిపోయినది.

లోకము మాత్రము పిట్‌ను ఊరక విడువలేదు. ఒక బానిస తన కాలికి గాయము చేసికొని అందులో రాతిని దాచి గని దాటెననియు, ఓడ నాయకుడొకడు వానిని చంపి రాతిని అపహరించెననియు ఒక కథ వ్యాపించెను. గవర్నరు దానిని బలవంతముగ లాగుకొనెనను నింద వేరొకటి. స్వదేశమునకు మరలుచు, 1710లో నార్వే దేశమున బెర్గెన్ పట్టణమున నుండి, తాను న్యాయముగనే కొంటినని ప్రమాణపూర్వకముగ పిట్ ఒక వాఙ్మూలము వ్రాసెను. కథలోని బానిస నిజముగ నుండెనో లేదో తేల్చుటకు ఆధారము లేదు. కాని పేరు లేని ఆ పనివానికి లోకము కల్పించి యిచ్చిన స్థానము ఆ కథ యొక్కటియే.

వజ్రపు సొమ్ము చేతికి వచ్చిన పిమ్మట పిట్ భూములు కొనసాగెను. కార్న్‌వాల్ లోని బొకోనాక్ ఎస్టేటు అట్లు కొనినదే; స్వాలోఫీల్డు సైతము అట్లే ఆతని వశమైనది. 1726లో ఆతడు ఈ సౌధమునందే కన్నుమూసెను. ఆతని మనుమడు విలియం పిట్, ఛాటం ప్రభువు, ఇంగ్లండునకు ప్రధాని అయ్యెను. మునిమనుమడు చిన్న విలియం పిట్ ప్రధానిగ నుండి 1784లో ఇండియా చట్టమును ఆమోదింపజేసి, కంపెనీ పాలనను పార్లమెంటు అదుపులోనికి తెచ్చెను. ఒక్క వజ్రమే వారిని ప్రధానులను చేసినదనుట అతిశయోక్తి, ప్రతిభ వారిదే. కాని ఆ ప్రతిభకు పీట వేసిన ధనములో కృష్ణా తీరపు మట్టి వాసన కలదనుట నిజము.

పిట్ వంశీయుల చేతినుండి జారి, పలువురి చేతులు మారి, 1820లో ఈ సౌధము రస్సెల్ కుటుంబము వారికి చేరెను. విచిత్రమేమనగా, తెలుగుదేశముతో తెగినదనుకొనిన సంబంధము ఈ మారు హైదరాబాదు మార్గమున మరల కలిసినది. ఆ కుటుంబ పెద్ద సర్ హెన్రీ రస్సెల్ కలకత్తా సుప్రీముకోర్టునకు ప్రధాన న్యాయమూర్తిగ పనిచేసినవాడు. తండ్రి పేరే గల కుమారుడు హెన్రీ 1811 మొదలు 1820 వరకు నిజాము దర్బారులో ఆంగ్ల రెసిడెంటు. సికందర్ జా నిజాముగను, చందూలాలు పేరునకు పేష్కారుగను, నిజమునకు సర్వాధికారిగను ఉన్న దినములవి. నిజాము ఖజానా ఖర్చుతో, ఆంగ్ల అధికారుల ఆజ్ఞలకు లోబడిన సేనను రస్సెల్ నిర్మించెను. దానికి "రస్సెల్ బ్రిగేడు" అనియే పేరు వచ్చినది.

ఆ సేన జీతములకు సొమ్ము చాలలేదు. అప్పు లిచ్చుటకు హైదరాబాదులో పామర్ కంపెనీ అను కొఠీ సిద్ధముగ నుండెను. హెచ్చు వడ్డీకి ఆ కొఠీ ఇచ్చిన అప్పులలో ప్రభుత్వము మునిగిపోయెను. అప్పులను అదుపు చేయవలసిన రెసిడెంటుకే ఆ కొఠీలో రహస్యముగ లాభము ఉండెనని అనంతర చరిత్రకారుల అభిప్రాయము. అనుమానములు ముసురుచున్న వేళ, 1820లో, రస్సెల్ పదవి విడిచి స్వదేశమునకు పయనమయ్యెను. ఆతని తరువాత వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ ఈ వ్యవహారమును బయటపెట్టెను.

ఆ అప్పు తీరిన విధము ఆంధ్రులకు మరువరానిది. ఉత్తర సర్కారుల నిమిత్తము కంపెనీ నిజామునకు ఏటేట 7 లక్షల రూపాయల పేష్కషు చెల్లింపవలసి యుండెను. 1823లో ఆ హక్కును శాశ్వతముగ వదలుకొనుటకు నిజాము ఒప్పుకొనెను. ప్రతిఫలముగ నూటికి 6 వంతున లెక్క గట్టి, కంపెనీ 1,16,66,666 రూపాయలు నిర్ణయించెను. పామర్ కంపెనీ బాకీ తీర్చుటకే ఆ మొత్తము ఉద్దేశింపబడెను. గంజాము మొదలు గుంటూరు వరకు గల తెలుగు సీమపై నిజామునకు మిగిలిన తుది హక్కు, ఇట్లు ఒక వడ్డీ వ్యాపారపు పద్దులో కలిసిపోయినది.

ఆ సమయముననే స్వాలోఫీల్డులో రస్సెల్ కుటుంబము వారు విలియం అట్కిన్సన్ అను శిల్పిచే సౌధమును సంస్కరింపజేసిరి. టాల్మన్ నిర్మించిన పాత ద్వారము ఇంటి ముఖమునుండి తొలగి తోటలోనికి చేరినది.

ఆ యింటి గోడపై హైదరాబాదు జ్ఞాపకము ఒకటి వ్రేలాడుచుండెను. అంతకు పూర్వపు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, హైదరాబాదు కులీన వంశజ ఖైరున్నీసాను వివాహమాడెను. వారికి ఒక కొడుకు, ఒక కూతురు. 1805లో పసివారిద్దరిని ఇంగ్లండునకు పంపివైచిరి. ఓడ యెక్కుటకు ముందు చెన్నపట్టణమున జార్జి చిన్నరీ అను చిత్రకారుడు, హైదరాబాదు దుస్తులలో నున్న ఆ పిల్లల నిలువెత్తు చిత్రమును వ్రాసెను. ఆ సంవత్సరమే తండ్రి కలకత్తాలో మరణించెను. తండ్రికి సహాయోద్యోగిగ నుండిన యువకుడు హెన్రీ రస్సెల్ వితంతువైన ఖైరున్నీసాకు చేరువయ్యెను. హైదరాబాదుకు మరలిరా వలను పడక ఆమె బందరులో ప్రవాసముండగ, ఆమెను విడిచి 1808లో మదరాసులో వేరొకరిని పెండ్లాడెను. 1813లో ఖైరున్నీసా మరణించెను. కన్నబిడ్డలను ఆమె మరల చూడలేదు.

పిల్లల చిత్రము రస్సెల్ వెంట స్వాలోఫీల్డు చేరినది. 1840 తరువాతి దశకమున ఒకనాడు, నడివయస్సు దాటుచున్న ఒక ఆంగ్ల గృహిణి ఆ యింటికి అతిథిగ వచ్చి, గోడపై నున్న ఆ పటమును చూచి నిలువలేక కన్నీరు పెట్టుకొనెను. ఆమె ఆ చిత్రములోని బాలికయే: కిట్టీ కిర్క్‌పాట్రిక్. 1852లో రస్సెల్ మరణించినపుడు ఆ పటము ఆమెకు చెందునట్లు వీలునామా వ్రాసి యుండెను. ఆ యింటి పద్దులలో మనది మనకు మరల ముట్టిన జమ ఏదైన కలదన్నచో, బహుశః అది యొక్కటియే.

20వ శతాబ్దిలో ఇంగ్లండు మహాసౌధములకు గడ్డుకాలము దాపురించినది. 1894లో వచ్చిన మరణానంతర ఆస్తిపన్ను అంచెలంచెలుగ పెరిగినది. రెండు ప్రపంచ యుద్ధములు వారసులను, సేవకులను కూడ హరించినవి. నలుబది గదుల యింటిని ఊడ్చువారు లేరు. పైకప్పు కారిన బాగుచేయించు స్తోమతు లేదు. వందలకొలది సౌధములను యజమానులే కూలద్రోయించిరి. ఈ దుస్థితిని లోకమునకు చాటుటకు 1974లో లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో ప్రత్యేక ప్రదర్శనము సైతము ఏర్పాటైనది. కూల్చుటకంటె పంచుకొనుట మేలని తలచినవారు 1955లో ఒక సహకార సంఘమును స్థాపించి, పాత సౌధములను గైకొని, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలకు వాటాలుగ మలచి యిచ్చిరి. స్వాలోఫీల్డు ఆ సంఘపు చేతిలోనికి వెళ్ళినది. 2003లో సంఘము మూతపడినను సౌధము మాత్రము పడిపోలేదు. ప్రభువుల భోజనశాలలు, శయనాగారములు విలాసవంతమైన ఫ్లాట్లుగనే నిలిచినవి.

పిట్ వజ్రము 1722లో పదునైదవ లూయీ పట్టాభిషేకమున కిరీటమున వెలిగి, 1792లో దొంగల పాలై, మరుసటి యేట దొరకి, నెపోలియను ఖడ్గమున కెక్కి, 1887 నుండి పారిసులోని లూవ్ర్ ప్రదర్శనశాలలో నున్నది. అది పుట్టినదని చెప్పబడు కొల్లూరు పులిచింతల జలాశయపు ముంపులో కలిసిపోయినది. మణి పారిసులో, సొమ్ము బెర్క్‌షైరులో, గోతులు కృష్ణా జలముల అడుగున: ఒక్క రాతి చరిత్ర మూడు చోట్లకు చెదరినది.

రస్సెల్ హైదరాబాదులో నివసించిన రెసిడెన్సీ భవనము సంగతి వేరు. కిర్క్‌పాట్రిక్ కాలమున, నిజాము సొమ్ముతో, శామ్యూల్ రస్సెల్ అను వేరొక కుటుంబమునకు చెందిన ఇంజనీరు దానిని నిర్మించెను. ఆ కోఠీ పేరుననే నగరములోని ఆ పేటకు కోఠి అను పేరు నిలిచినది. 1949లో ఆ భవనములోనికి మహిళా కళాశాల వచ్చెను. రెసిడెంటు దర్బారు తీర్చిన మేడలో తెలుగు బాలికలు, ఉర్దూ బాలికలు పాఠములు వల్లించిరి. ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది; 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టబడెను. దొర గడీకి ఎదురు నిలిచి తాను పండించిన పంటను కాపాడుకొనిన శ్రామిక స్త్రీ పేరు, రెసిడెంటుల సౌధమున కెక్కినది.

పాత భవనమును బ్రతికించుటకు ఈ విధముగ రెండు మార్గములు కానవచ్చుచున్నవి. ఒకటి, వెల చెల్లింపగలవారికి వాటాలు వేసి అమ్ముట. రెండవది, ప్రజల అవసరమునకు అప్పగించుట. మొదటిది నింద్యము కాదు. ఫ్లాట్లుగ మారి యుండనిచో స్వాలోఫీల్డు సైతము వందలాది సౌధముల వలె ఇటుకల గుట్టయై యుండెడిది. అచ్చట నేడు నివసించు వృద్ధులు పిట్ పాపమునకు గాని రస్సెల్ అప్పులకు గాని బాధ్యులు కారు. కాని భవనము నిలిచినంత మాత్రమున దాని చరిత్ర సంపూర్ణముగ నిలిచినట్లు కాదు.

రస్సెల్ వంశపు కోడలు లేడీ కాన్‌స్టెన్స్ రస్సెల్ 1901లో ఈ యింటిని గూర్చి శ్రద్ధతో ఒక పెద్ద గ్రంథము వెలువరించెను. కిట్టీ కన్నీటి కథ వంటివి నిలిచినది అట్టి శ్రద్ధ వలననే. దాని పేరు "స్వాలోఫీల్డు, దాని యజమానులు" అని. యజమానులు: ఆ మాటలోనే చిక్కంతయు నున్నది. రసవాది మొదలు రెసిడెంటు వరకు అందరి పేరులును యజమానుల పట్టికకు ఎక్కినవి. కొల్లూరు గోతిలో మట్టి మోసిన స్త్రీ పేరు గాని, రస్సెల్ బ్రిగేడు జీతములకు శిస్తు కట్టిన తెలంగాణపు రైతు పేరు గాని అందులో చేరుటకు వీలు లేదు. వారు ఆ యింటి యజమానులు కారు; ఆ యింటికి సొమ్ము సమకూర్చినవారు మాత్రమే.

సర్కారు లెక్కలు వ్రాయు వారందరికిని తెలిసిన సూత్రమొకటి కలదు: జమ వైపు వ్రాయని పద్దు ఖర్చు వైపు సరిపడదు. "చారిత్రక సౌధము" అని వెల పలుకు ప్రతి కట్టడమునకును ఇట్టి జమ పద్దు ఒకటి ఎచ్చటనో వ్రాయక మిగిలి యుండును. అది కృష్ణా తీరపు గోతులలో కలదు, కోఠి మేడ మెట్ల మీద కలదు, బందరులో ఒంటరిగ మిగిలిన తల్లి ఎదురుచూపులో కలదు. ఆ పద్దును పూరించుట ఇంటి నమ్మువారి పని కాదు. పూరింపవలసినవారు ఆ సొమ్ము ఎవరిదో ఎరిగిన వారు. స్వాలోఫీల్డు ఫ్లాటునకు ఇంగ్లండులో ఎవరు ఎంత వెల యిచ్చినను, దాని తొలి వాయిదాను తెలుగు నేల ఏనాడో చెల్లించియున్నది.